వీలునామాలో ధర్మమునకొక భాగము

ఉద్దానపు గ్రామములలో వృద్ధులైన రైతులు అంత్యదినములందు బిడ్డలను దగ్గరకు పిలిచి, "బడి పక్కనున్న కొబ్బరిచెట్ల ఫలసాయము బడిపిల్లలకు చెందవలయును" అనియో, "చెరువుగట్టు క్రింది చెక్క రామమందిరపు దీపారాధనకు విడువుడు" అనియో చెప్పుట మనమెల్లరము వినియున్నదే. బిడ్డలును కన్నీటితో అట్లే యని మాట యిత్తురు. ఆ మాట మొదటి రెండు సంవత్సరములు తప్పక జరుగును. తరువాత పెద్దకుమారుడు పలాసలో కాపురము పెట్టును. చిన్నవాడు బ్రదుకుతెరువునకై దూరదేశము పోవును. భాగములు పంచుకొనునపుడు ఆ చెట్లు ఒకరి వాటాలో పడును. వాటాదారు అవసరము వచ్చి పరులకు విక్రయించును. కొన్నవానికి ఆ మాట తెలియదు. తెలిసినను దానికి బద్ధుడు కాడు. ఇందులో ఎవరిని దొంగయని అనగలము? మాట యుండెను గాని కాగితము లేదు.

మేమెరిగిన ఒక గ్రామములో ఇంతకంటె విచారకరముగా జరిగినది. ఒక వృద్ధ రైతు తనకున్న తోటలో అర యెకరము ధర్మమునకని నోటిమాటగా చెప్పి కన్నుమూసెను. బడికి చెప్పినాడని ఒక కుమారుడును, గుడికి చెప్పినాడని మరియొక కుమారుడును, అసలు చెప్పనేలేదని అల్లుడును వాదించిరి. పెద్దమనుష్యులు పలుమార్లు కూర్చుండిరి, తగవు తేలలేదు. అంతలో 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస తీరమున ఒడ్డు దాటి, లెక్కకు మిక్కిలిగా కొబ్బరి, జీడిమామిడి చెట్లను నేలగూల్చినది. ఇరుగు పొరుగు తోటలలో మరల మొక్కలు నాటిరి. ఆ అర యెకరములో మాత్రము ఎవరును నాటలేదు. ఎవరిదో తేలని నేలకు నీరు పోయువారెవరు? ధర్మమునకని విడిచిన భూమి బడికిని గుడికిని బిడ్డలకును గూడ కాకుండ బీడుపడినది.

కావున ఈ మాసము మా సభ్యులైన రైతు సోదరులకును, సోదరీమణులకును ఒక సంగతి మనవి చేయదలచితిమి. తమ తరువాత తమ ఆస్తిలో కొంత లోకోపకారమునకు చెందవలెనని తలంచువారు ఆ తలంపును ఆరోగ్యముగా నున్నపుడే వీలునామాలో వ్రాయవలయును. భాగము చిన్నదైనను చింత లేదు, అది స్పష్టముగా నుండవలయును. గ్రహీత పేరు, ఇచ్చు సొత్తు, ఉద్దేశించిన కార్యము, నడిపించు మనుష్యుడు, ఈ నాలుగును అందు కనబడవలయును.

ఇది పరాయిదేశపు వింత యని కొందరు తలంపవచ్చును. మన జిల్లాలోని శ్రీముఖలింగమునకును శ్రీకూర్మమునకును పోయినవారు అచ్చటి శాసనములను చూచియుందురు. గంగరాజుల కాలమున దాతలు అఖండదీపములకై చేసిన దానములు రాతిపై చెక్కబడియున్నవి. దాత యెవరో, దేనిని ఇచ్చెనో, ఏ సేవ జరుగవలెనో ఆ రాళ్లు చెప్పుచున్నవి. ఆ శాసనము చేయించినవారు రాజులు మాత్రమే కారు. అధికారులును, గృహస్థులును, స్త్రీలును గలరు. మన పెద్దలు ధర్మమును తలచుకొని ఊరకుండలేదు. దానిని చదువగలిగినట్లు వ్రాయించిరి. నేడు మనము రాతిపై చెక్కించ నక్కరలేదు. తెల్లకాగితము చాలును. వీలునామాకు స్టాంపు కాగితము అవసరము లేదు. దానిపై స్టాంపు సుంకము లేదు.

ధర్మము చేయదలచినవాడు బ్రదికియుండగనే చేయరాదా యని ఒక ప్రశ్న గలదు. చేయగలిగినవాడు చేయుటయే ఉత్తమము. కాని వ్యాపారికిని సేద్యగానికిని ఇందు భేదము గలదు. వ్యాపారి లాభములో కొంత తీసి ఇచ్చినను మూలధనము నిలుచును. రైతునకు నేలయే మూలధనము, నేలయే వార్ధక్యమునకు ఊతకఱ్ఱ. రెండెకరముల తోట గలవాడు అందులో ఇరువది సెంట్లు నేడే దానపత్రము వ్రాసి యిచ్చినచో, రేపు జబ్బుపడిన దినమున తిరిగి తెచ్చుకొనలేడు. వీలునామా అట్టిది కాదు. వ్రాసినవాడు జీవించియున్నంత కాలము ఆస్తి అతనిదే. అనుభవించును, అమ్ముకొనును, మనసు మారినచో వీలునామాను రద్దుచేసి వేరొకటి వ్రాయును. చివరగా వ్రాసినదే చెల్లును. చేతిలోని ముద్ద తీయకుండ చేయగల దానము రైతునకు ఇదియొక్కటే.

ఐనను ఒక హద్దు చెప్పక తప్పదు. భార్యకు నీడ లేకుండ, పెండ్లి కావలసిన పిల్లకు ఆధారము లేకుండ, వికలాంగుడైన కుమారునికి దారి చూపకుండ సంస్థలకు సర్వస్వము వ్రాసిన వీలునామాను మేము ధర్మమని యనజాలము. ముందుగా ఇల్లు, పిమ్మట లోకము. పదియవ వంతో, ఇరువదియవ వంతో, బ్యాంకులోని ఒక డిపాజిట్టో వ్రాసినచో బిడ్డలకు బరువు కాదు, సంస్థకు మేలగును.

మన తెలుగువారిలో ఇట్టి దానము చేసిన మహాశయుని ఒకరిని తలచుకొందము. కోరంగి రేవు ప్రాంతపు మల్లాడి సత్యలింగ నాయకరుగారు పేదకుటుంబమున పుట్టి, సముద్రము దాటి రంగూను చేరి, ఓడల వ్యాపారములో లక్షలు గడించిరి. ఆయన ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో తన ఆర్జనను వీలునామా ద్వారా ధర్మకార్యములకు విడిచిరి. కాకినాడలోని జగన్నాథపురమున ఎం.ఎస్.ఎన్. చారిటీసు పేర నేటికిని ఆ సంస్థ కలదు. ఆయన పేర కళాశాల కలదు. మన తీరమునుండియు ఎందరో కూలికై రంగూను పోయినవారే. ఉద్దానములో తాతముత్తాతల రంగూను కథ లేని యూరు అరుదు. సముద్రమునకు ఆవల సంపాదించిన సొమ్ము ఒక తీరపు పట్టణమున చదువుగా మారుటకు కారణము ఆ కాగితమే గదా.

ధర్మము ఎంత దూరము ప్రయాణము చేయునో తెలియుటకు కోరంగి దాక పోనక్కరలేదు. మన సోంపేటలోని ఆరోగ్యవరము ఆసుపత్రిలో కెనడా మిషను వైద్యుడు డాక్టరు బెన్ గలిసనుగారు కంటి జబ్బులకు చికిత్స చేసియుండిరి. ఆయన స్వదేశమునకు పోయినపుడు సోంపేటలోని అంధుల సంగతి చెప్పగా, కాల్గరీ పట్టణపు వ్యాపారి ఆర్ట్ జెంకిన్సుగారు విని కదలిపోయి, 1963లో ఆపరేషన్ ఐసైట్ అను సేవాసంస్థకు ప్రారంభకులైరి. నేడా సంస్థ పెక్కుదేశములలో పనిచేయుచున్నది. మన జిల్లా పేరైన విననివారు మన ముసలివారి కన్నులకై సొమ్ము పంపిరి. అట్టి దేశములందు సామాన్య గృహస్థులు, ఉపాధ్యాయులు, వ్యవసాయదారులు తమ వీలునామాలో తమకిష్టమైన సేవాసంస్థకు ఒక భాగము వ్రాయుట వాడుకగానున్నది. కోటీశ్వరుల పనియని వారు తలంపరు. మన కన్నులకై వారు చేసినదానిని మన యూరి బిడ్డలకై మనము చేయలేమా?

వ్రాసినంత మాత్రమున పని ముగిసినదనుకొనరాదు. చెన్నపట్టణపు పచ్చయప్ప మొదలియారుగారు 1794లో మరణించుటకు ముందు అపారమైన ధనమును ధర్మమునకై వీలునామా వ్రాసిరి. సొమ్ము నిర్వాహకుల చేతులలో చిక్కి, వ్యాజ్యములు సాగి, చివరకు న్యాయస్థానము కలుగజేసికొనిన మీదట దేవాలయధర్మములకు పోగా మిగిలిన ధనముతో 1842లో పాఠశాల తెరువబడినది. దాతకును ఆ పాఠశాలకును నడుమ 48 సంవత్సరములు గడచినవి. స్వీడను దేశపు ఆల్ఫ్రెడ్ నోబెలుగారి కథయు ఇట్టిదే. ఆయన 1895లో న్యాయవాది సాయము లేకుండ స్వయముగా వీలునామా వ్రాసి, 1896లో చనిపోయిరి. బహుమానములు నిర్ణయింపవలసిన సంస్థలకు ముందుగా చెప్పలేదు. బంధువులలో కొందరు ఆక్షేపించిరి. సొమ్ము నిర్వహించు సంస్థయే అప్పటికి లేదు. మొదటి బహుమానములు 1901లో గాని ఇయ్యబడలేదు. అంతటివారి కాగితములకే ఇన్ని చిక్కులు వచ్చినపుడు, మన అర యెకరమునకు రాకుండునా?

అన్నిటికంటె మనవారు గమనింపవలసినది ఒక మాటను గూర్చిన తీర్పు. మన రైతులు వీలునామాలో "మిగిలినది ధర్మమునకు" అని వ్రాయింతురు. బొంబాయి రాజధానినుండి వచ్చిన రణఛోడదాసు, పార్వతీబాయి వ్యాజ్యములో 1899లో ప్రీవీ కౌన్సిలువారు "ధర్మము" అను మాట అనిశ్చితమని, దానికై వ్రాసిన దానము చెల్లదని తీర్పు చెప్పిరి. ధర్మమనగా న్యాయము కావచ్చును, నీతి కావచ్చును, కర్తవ్యము కావచ్చును, దానము కావచ్చును. వీనిలో దేనిని జరిపింపవలెనో న్యాయస్థానము నిర్ణయించుట ఎట్లు? మనకు ఎంతో పవిత్రమైన ఆ మాట కోర్టులో నిలువలేదు. "ఫలానా గ్రామములోని ఫలానా పేర రిజిస్టరైన సంఘమునకు, పేదవిద్యార్థుల పుస్తకములకై, ఇంత సొమ్ము" అని వ్రాసినచో నిలుచును. ధర్మమను మాట మనసులో నుండవలయును. కాగితముమీద పేరును, ఊరును, పనియు నుండవలయును.

ఇక వ్రాయు విధానమును సంగ్రహముగా చెప్పెదము. 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము ప్రకారము, మైనరు గాక, తెలివితో నున్న యెవరైనను వీలునామా వ్రాయవచ్చును. వ్రాసినవారు సంతకము చేయవలయును. చదువు రానివారు వేలిముద్రయైనను నిశానియైనను వేయవచ్చును. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. కర్త సంతకము చేయుచుండగా వారు చూచియుండవలయును, లేదా ఇది నా సంతకమేయని కర్త వారికి చెప్పియుండవలయును. పిమ్మట కర్త యెదుట వారు సంతకములు చేయవలయును. తగవు వచ్చినపుడు సాక్షులలో ఒకరైనను కోర్టుకు వచ్చి చెప్పవలసియుండును. కావున తనకంటె చిన్నవయసువారిని, స్థిరముగా ఊరిలో నుండువారిని సాక్షులుగా ఎన్నుకొనుట మేలు. ఎనుబదేండ్లవాని వీలునామాకు ఎనుబదేండ్ల స్నేహితులు సాక్షులైనచో, అవసరము వచ్చునాటికి ముగ్గురును ఉండరు. ఆస్తి పొందబోవువానిని, పొందబోవు సంస్థ పెద్దలను సాక్షులుగా పెట్టరాదు. అనుమానమునకు అదియే మొదటి తలుపు.

వీలునామాను రిజిస్టరు చేయించుట చట్టరీత్యా నిర్బంధము కాదు. అయినను టెక్కలి, సోంపేట వంటి చోట్ల సబ్-రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి రిజిస్టరు చేయించుటయే మా సలహా. కాగితము చెదలు తినినను, తుపానులో తడిసినను నకలు దొరకును. మార్చివేసిరన్న వాదమునకు తావు తగ్గును. ఇంటిలో ఎవరికిని తెలియరాదని కోరువారు కవరులో సీలువేసి జిల్లా రిజిస్ట్రారు వద్ద డిపాజిట్టు చేయుటకును 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టములో ఏర్పాటు కలదు. అయినను రహస్యము మాకు ఇష్టము లేదు. బిడ్డలను కూర్చుండబెట్టి, "ఇది వ్రాసితిని, ఇందులకు వ్రాసితిని" అని చెప్పిన తండ్రి వీలునామాకు తగవులు అరుదుగా వచ్చును. తండ్రి నోట వినని దానము బిడ్డలకు పరాయివాని మోసముగా తోచును.

ఏ ఆస్తి వ్రాయవచ్చునో తెలిసికొనుట మరియు ముఖ్యము. స్వార్జితమైన ఆస్తిని ఇష్టము వచ్చినట్లు వ్రాయవచ్చును. ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితములో కర్తకు తన వాటాను మాత్రమే వ్రాయు హక్కు గలదు. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ఆ హక్కును స్పష్టము చేసినది. తోట యంతయు తన పేర పట్టాదారు పాసుపుస్తకములో నున్నది గదా యని కొడుకుల వాటాలను గూడ దానము వ్రాసినచో అది నిలువదు. కుమార్తెల సంగతి మరువరాదు. మన రాష్ట్రములో 1986లో వచ్చిన సవరణయు, 2005లో దేశమంతటికిని వచ్చిన సవరణయు పిత్రార్జితములో కుమార్తెలకు కుమారులతో సమానమైన హక్కు నిచ్చినవి. అత్తవారింట నున్న ఆడపిల్ల వాటాను పట్టుకొనిపోయి సత్రమునకు వ్రాయుట దానము కాదు. అది ఒకరి సొమ్ముతో పుణ్యము కొనుట.

మన సంఘ సభ్యులు తప్పక గుర్తుంచుకొనవలసిన సంగతి మరియొకటి. మరణించినవాని ఆస్తినుండి మొదట అప్పులు తీరవలయును, పిమ్మటనే వీలునామాలోని దానములు. సంఘములో పంట అప్పు, బంగారముమీద అప్పు, పొరుగువాని చేబదులు, ఇవి తీరిన పిమ్మట మిగిలినదే దానమునకు వచ్చును. తాకట్టులో నున్న చెక్కను సంస్థకు వ్రాసినచో తాకట్టుతో కూడనే చేరును. దాత పుణ్యమునకు సంస్థ వడ్డీ కట్టవలసివచ్చును. కావున అప్పు లేని సొత్తునే వ్రాయుడు.

భూమిని వ్రాయవలెనా, సొమ్మును వ్రాయవలెనా యను ప్రశ్నకు మా అభిప్రాయము ఇది. చిన్న చిన్న చెక్కలను దూరమునున్న సంస్థకు వ్రాయుట అంత ఉపయోగకరము కాదు. పది సెంట్ల తోటకు కాపలా పెట్టి, కాయ కోయించి, లెక్క వ్రాయుట వారికి భారము. కొలది యేండ్లకు గట్టు జరుగును, కంచె కదలును. అంతేగాక, వీలునామాలో ఫలానా సర్వే నెంబరని వ్రాసిన భూమిని కర్త తన జీవితకాలముననే అమ్మినచో ఆ దానము లేకుండ పోవును. దానికి మారుగా, "నా అప్పులు తీరిన పిమ్మట మిగులు నా యాస్తి విలువలో ఇరువదియవ వంతు" అనియో, "ఇన్ని వేల రూపాయలు" అనియో వ్రాసి, బిడ్డలలో నమ్మకమైనవానిని నిర్వాహకునిగా పేర్కొనినచో, భూమి బిడ్డలవద్దనే నిలుచును, సొమ్ము సంస్థకు చేరును. భూమినే ఈయదలచినవారు ముందుగా సంస్థవారి నడుగవలయును. నోబెలుగారు అడుగలేదు, దాని ఫలము పైన చెప్పితిమి.

బ్యాంకు డిపాజిట్టునకు నామినీ పేరు వ్రాసితిమి, ఇక వీలునామా యెందులకని కొందరందురు. డిపాజిట్టు నామినీ సొమ్మును బ్యాంకునుండి తీసికొనుటకు అర్హుడు మాత్రమే. ఆ సొమ్మునకు హక్కుదారులు వీలునామా ప్రకారమో, వారసత్వము ప్రకారమో తేలుదురని సుప్రీముకోర్టు 2010లో చెప్పినది. కావున నామినీ పేరును, వీలునామాను ఒకదానితో నొకటి పొసగునట్లు వ్రాసికొనుడు. సంఘములోని వాటాధనమునకు మీరెవరి పేర నామినేషను ఇచ్చితిరో గూడ ఒకసారి చూచుకొనుడు. పలువురు సభ్యుల నామినీలు సభ్యులకంటె ముందే గతించియుందురు.

మతములను బట్టి చట్టములో గల భేదములను గూడ చెప్పుట మా విధి. మహమ్మదీయ సోదరులు అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడవ వంతునకు మించి వారసుల సమ్మతి లేకుండ వీలునామా ద్వారా ఈయజాలరు. క్రైస్తవ సోదరులకు పూర్వము ఒక నిర్బంధముండెను. దగ్గరి బంధువులున్నవారు ధర్మకార్యములకు వ్రాయదలచినచో, మరణమునకు 12 మాసములు ముందుగా వీలునామా వ్రాసి, వ్రాసిన ఆరు మాసములలో డిపాజిట్టు చేసినగాని చెల్లకుండెను. ఆ 118వ సెక్షను సమానత్వమునకు విరుద్ధమని సుప్రీముకోర్టు 2003లో జాన్ వల్లమట్టం వ్యాజ్యములో కొట్టివేసినది. ఆ పాత భయముతో ఊరకున్నవారు ఇంకను మన తీరగ్రామములలో నుండవచ్చును. వారికి ఈ సంగతి తెలియజేయుడు.

ఇచ్చు సొమ్ము ఎవరో తినివేయుదురని శంకించువారు చాలమంది గలరు. వారి శంక నిరాధారము కాదు. కాని శంకకు మందు పరీక్షయే గాని మానుట కాదు. పశువును కొనునపుడు పళ్లు చూచెదము, విత్తనము కొనునపుడు మొలక చూచెదము. దానము చేయునపుడు సంస్థ రిజిస్టరైనదా, యేటేట లెక్కలు తనిఖీ యగుచున్నవా, పనివారిని ఊరివారెరుగుదురా యని చూడరాదా? బ్రదికియుండగనే చిన్న సొమ్మొకటి యిచ్చి, దానితో ఏమి చేసిరో కనిపెట్టి, నచ్చినచో వీలునామాలో పేరు చేర్పవచ్చును. ఆ సంస్థ మూతపడినచో సొమ్ము ఫలానా మరియొక సంస్థకు చెందవలెనని ఒక వాక్యము తప్పక వ్రాయుడు. సంస్థలకును ఆయుర్దాయము గలదు.

ఏ పనికి వ్రాయవలెనని మమ్ము అడిగినచో, ఊరి అవసరమే దారి చూపునని చెప్పుదుము. ఉద్దానములో ఏండ్ల తరబడి మూత్రపిండముల వ్యాధి ఇల్లిల్లు వెదకుచున్నది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో ఈ బాధ చూడని గ్రామము తక్కువ. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలమునుండి మంచినీటి పథకమును వచ్చినది. ఇవి ప్రభుత్వము చేయదగిన పెద్దపనులు. ఐనను డయాలిసిస్ యంత్రమువద్దకు వారమునకు రెండు మూడుసార్లు పోవలసిన కూలివాని బండి కిరాయి, ఆ దినపు కూలి నష్టము, తోడు పోయిన భార్య భోజనము, తండ్రి మంచము పట్టగా చదువు మానిన పిల్లవాని ఫీజు, ఇట్టివి ఏ పథకమునకును పూర్తిగా అందని చిన్నపనులు. చిన్న దానములు ఇచ్చటనే పనికివచ్చును. ఒక రైతు విడిచిన ఇరువదివేల రూపాయలు ఆసుపత్రిని కట్టజాలవు. ఒక పిల్లవానిని బడిలో నిలుపగలవు.

ఈ విషయమున మా సంఘము తనకై ఏమియు కోరుటలేదు. సహకార సంఘము సభ్యుల పరస్పర ప్రయోజనమునకు ఏర్పడినది. దాని లాభము సభ్యులకు చెందునది. దానమునకు తగినవి లాభము పంచుకొనని సేవాసంస్థలు. సంఘపు ఉద్యోగులు గాని, పాలకవర్గమువారు గాని సభ్యుల వీలునామాలలో లబ్ధిదారులుగ నుండరాదని మేము గట్టిగా అభిప్రాయపడుచున్నాము. రానున్న సర్వసభ్య సమావేశమునాడు ఒక న్యాయవాదిని రప్పించి, అరపూట సభ్యుల సందేహములకు కేటాయింపుడని మాత్రము పాలకవర్గమునకు సూచించుచున్నాము. దానము వ్రాయనివారికిని వీలునామా అవసరమే. వీలునామా లేక మరణించిన హిందువుని స్వార్జితము భార్యకును, కుమారులకును, కుమార్తెలకును, తల్లికిని సమానముగా చెందును. అది అతని కోరికయైనను కాకున్నను అంతియే. అందులో బడికి గాని, ఆసుపత్రికి గాని ఒక కొబ్బరికాయయైనను పోదు.

దేశవాళి కొబ్బరి మొక్క ఆరేడు సంవత్సరములకు గాని కాపునకు రాదు. తిత్లీ పోయిన మరుసటి యేడు అరువది దాటిన రైతులు గోతులు తవ్వి మొక్కలు పెట్టుట మేము చూచితిమి. ఆ కాయలు తాము కోయుదుమో లేదో వారు లెక్కింపలేదు. అట్టివారికి మేము క్రొత్తగా ధర్మము బోధింపబనిలేదు. నోటితో చెప్పదలచిన మాటను కాగితముమీదికి తెచ్చి, ఇద్దరు సాక్షులయెదుట సంతకము చేసి, ఆఫీసులో నమోదు చేయించుకొనుడని మాత్రమే కోరుచున్నాము. పైన చెప్పిన గ్రామములోని ఆ వృద్ధుడు ఒక్కపూట టెక్కలికి పోయివచ్చియున్నచో, ఆ అర యెకరము నేడు బీడుగా నుండెడిది కాదు. కోతలు ముగిసి తీరిక దొరకు దినములు వచ్చుచున్నవి. ఆ దినములలో ఒకటి ఈ పనికి కేటాయించుకొందురని ఆశించుచున్నాము.